నేల విడవని సాము

"కర్ర ఉన్నవాడిదే బర్రె" అని మన పల్లెల్లో ఒక సామెత ఉంది. కర్రా లేని, బర్రే లేని ఇళ్ల నుంచి వచ్చినవాళ్లమే మనలో ఎక్కువమంది. అందుకే ఆడపిల్ల హాస్టల్‌కు బయలుదేరేటప్పుడు ట్రంకుపెట్టెతో పాటు కొన్ని జాగ్రత్తలు కూడా మూటగట్టి ఇస్తారు. తల దించుకుని నడువు. ఎవరేమన్నా మారు మాట్లాడకు. పొద్దు గుంకకముందే లోపలికి వచ్చెయ్. ఇవన్నీ ప్రేమతో చెప్పిన మాటలే. కానీ ఎవడైనా చెయ్యి పట్టుకుంటే ఎలా విడిపించుకోవాలో మాత్రం ఆ మూటలో ఉండదు.

విజయవాడలో కాలేజీ హాస్టల్లో ఉన్న రోజుల్లో మేము ఆ ఒక్కటీ నేర్చుకున్నాం. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని కబురు వచ్చినప్పుడు మా బ్యాచ్ వాళ్లం ఫోన్లలో మాట్లాడుకున్నాం. హాస్టల్ సాంబారు గురించి, స్టడీ అవర్లో కునికిపాట్ల గురించి రాసేవాళ్లు ఎలాగూ ఉంటారు. చెల్లెళ్లకు పనికొచ్చేది ఇదేనని అందరం అనుకుని రాస్తున్నాం.

పట్టుకున్నవాడు వదలడు

మాలో సగంమందికి అంతకుముందే కరాటే పరిచయం. సమగ్ర శిక్ష కింద ప్రభుత్వ పాఠశాలల్లో ఆరు నుంచి పన్నెండో తరగతి వరకు ఆడపిల్లలకు రాణి లక్ష్మీబాయి ఆత్మరక్షణ ప్రశిక్షణ్ పేరుతో మూడు నెలలు శిక్షణ ఇస్తారు కదా, అలా వచ్చిందే. గ్రౌండులో వరుసలుగా నిలబడి, జపాను అంకెలు లెక్కపెడుతూ గాలిలోకి పిడికిళ్లు విసిరేవాళ్లం. జెండా పండుగనాడు పెంకులు పగలగొట్టి చప్పట్లు కొట్టించుకున్నాం. దానివల్ల మేలే జరిగింది. నలుగురిలో గొంతెత్తి అరవడానికి సిగ్గు పోయింది. కాళ్లూ చేతులూ బారజాపి నిలబడటం అలవాటయింది. కానీ ఆ మూడు నెలల్లో మమ్మల్ని ఎవరూ గట్టిగా పట్టుకోలేదు. చెయ్యి పట్టుకున్న పిల్ల మేము విదిలించగానే వదిలేసేది. అలాగే చెయ్యాలని చెప్పేవారు. నేల విడిచి సాము చేయడమంటే ఇదే.

కాలేజీ హాస్టల్‌కు సాయంత్రాలు ఒక మాస్టారు వచ్చేవారు. ఆయన భార్య కూడా జూడో నేర్చినావిడే. పట్టుకుని చూపించవలసినవన్నీ ఆవిడే చూపించేవారు. డైనింగ్ హాల్లో గిన్నెలు సర్దేశాక నేల తుడిచి, రగ్గులు నాలుగేసి మడతలు వేసి పరిచి, పైన టార్పాలిన్ బిగించి కట్టేవాళ్లం. అది వడ్ల రాశుల మీద కప్పే టార్పాలిన్. మాలో ఒకమ్మాయి వాళ్ల నాన్న ఊరి నుంచి పల్లెవెలుగు బస్సులో వేసి పంపించాడు. ఎంత ఉతికినా దాంట్లో ఎక్కడో ఒక చోట వడ్లగింజ వీపుకు గుచ్చుకునేది.

మొదటి రోజు మాస్టారు తన్నూ నేర్పలేదు, గుద్దూ నేర్పలేదు. ఇద్దరిద్దరిని ఎదురెదురుగా నిలబెట్టి, "ఒకరు చెయ్యి పట్టుకోండి, రెండోవాళ్లు విడిపించుకోండి. పట్టుకున్నవాళ్లు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వదలొద్దు" అన్నారు. అంతే. కరాటే వచ్చినవాళ్లూ రానివాళ్లూ అందరూ ఒకటే అయిపోయారు. ఒక్కరి చెయ్యీ ఊడిరాలేదు. ఉడుంపట్టు అనే మాట చిన్నప్పటి నుంచీ వింటున్నాం, దాని అర్థం ఆ రోజు మణికట్టు మీద ఎర్రగా కనబడింది. మొదట నవ్వుకున్నాం. తరువాత ఎవరికీ నవ్వు రాలేదు.

ఆ విద్య ఎక్కడిది?

మాస్టారు నేర్పినదానిని మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ అంటారు. బాక్సింగ్‌లోని గుద్దు, కిక్ బాక్సింగ్‌లోని తన్ను, కుస్తీ, జూడోల్లోని పట్లు, నేల మీద పెనుగులాట అన్నీ కలిసిన ఆట అది. సంక్రాంతి వచ్చిందంటే మన వైపు బరి అనగానే కోడిపందేలే గుర్తుకొస్తాయి. 1993 నవంబరులో అమెరికాలోని డెన్వర్ నగరంలో రకరకాల యుద్ధవిద్యలు నేర్చినవాళ్లను ఒకే బరిలోకి దింపి పోటీ పెట్టారు. తనకంటే బరువైనవాళ్లను కూడా ఓడించి గెలిచినవాడు బ్రెజిల్‌కు చెందిన రాయిస్ గ్రేసీ. ఆయన బలం గుద్దులో లేదు, నేల మీద పట్టే పట్టులో ఉంది.

ఆ పట్టుకు మూలం జపానువాళ్ల జూడో. 1882లో టోక్యోలో కొడోకాన్ అనే శిక్షణాలయాన్ని స్థాపించిన జిగొరో కానో ఒక తెలివైన పని చేశాడు. ఎముకలు విరిచే, కళ్లు పొడిచే ప్రమాదకరమైన దెబ్బలను రోజువారీ పెనుగులాటలోంచి తీసేశాడు. ఎదుటివాడు బలమంతా పెట్టి ఎదిరిస్తున్నా గాయం కాకుండా చేయగలిగినవాటినే ఉంచాడు. ఆ సాధనకు రాండోరి అని పేరు. ఇప్పుడు అందరూ స్పారింగ్ అంటున్నది ఇంచుమించు అదే. చూడటానికి కళ్లు పొడిచే విద్యే భయంకరంగా కనిపిస్తుంది. కానీ దానిని స్నేహితురాలి మీద సాధన చేయలేము కదా! రోజూ చేసిందే ఒంటబడుతుంది. చేయనిది, ఎంత గొప్పదైనా, అవసరానికి గుర్తురాదు.

ఎదురు నిలిచినవాడితోనే నేర్చుకోవాలన్న సంగతి మనవాళ్లకు కొత్తేమీ కాదు. మన తాలింఖానాల్లో, కుస్తీ గోదాల్లో ఎవరూ ఊరికే పడిపోరు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు గారు కుస్తీలో, బలప్రదర్శనల్లో దేశమంతా పేరు తెచ్చుకున్నారు. కాకపోతే ఆ గోదాల తలుపులు ఆడపిల్లలకు తెరిచి ఉండేవి కావు. ఇప్పుడిప్పుడే తెరుచుకుంటున్నాయి. మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లోనూ, 2023లోనూ బాక్సింగ్‌లో ప్రపంచ ఛాంపియన్ అయింది. 2024లో పూజా తోమర్ యూఎఫ్‌సీ పోటీలో గెలిచిన తొలి భారతీయ మహిళగా నిలిచింది. వాళ్లలా పతకాలు తేవాలని మేము నేర్చుకోలేదు. చదువు పూర్తయ్యేదాకా ఈ ఊళ్లో నిలబడాలని నేర్చుకున్నాం.

చెయ్యి, జడ, చున్నీ

మాకు జరిగేవి సినిమా ఫైట్లు కావు. చెయ్యి పట్టుకుంటారు, జడ లాగుతారు, చున్నీ గుంజుతారు. అందుకని వాటితోనే మొదలుపెట్టారు.

మణికట్టు పట్టుకున్నప్పుడు వెనక్కి లాగితే ఊడదు. లాగేది మన భుజం, పట్టుకున్నది అతని ఒళ్లంతా. పట్టులో బలహీనమైన చోటు బొటనవేలికీ మిగతా వేళ్లకీ మధ్య సందు. ఒక అడుగు లోపలికి వేసి, మోచెయ్యి మడిచి అతని మోచేతి వైపు తోస్తూ, నడుము తిప్పి ఆ సందులోంచి చెయ్యి బయటికి తీయాలి. ఎదుటి పిల్ల తెలివైనదైతే రెండో చేత్తో కూడా పట్టుకుంటుంది. అప్పుడు మన రెండో చెయ్యి సాయం చేసుకోవాలి. ఇది పుస్తకంలో చదివితే నిమిషంలో అర్థమవుతుంది. మాకు చేతికి రావడానికి నెల పట్టింది.

జడ పట్టుకుంటే దూరంగా పరుగెత్తబోతే మెడ విరుగుతుంది. పట్టుకున్న చేతిని మన రెండు చేతులతో మన తలకే గట్టిగా అదిమేసుకోవాలి. అప్పుడు లాగడానికి వీలుండదు, నొప్పి తగ్గుతుంది, అతని వైపు తిరగడానికి వీలవుతుంది. వెనక నుంచి మెడ చుట్టూ చెయ్యి వేస్తే ముందు గడ్డం దించుకుని, ఆ చేతిని రెండు చేతులతో కిందికి లాగి ఊపిరికి సందు చేసుకోవాలి. మిగతావన్నీ ఆ తరువాతే. చున్నీకి పిన్నులు పెట్టుకునే అలవాటు మాలో చాలామంది మానేసింది ఆ రోజుల్లోనే. పిన్ను లేకపోతే చున్నీ అతని చేతిలో మిగులుతుంది, మనం మిగలం.

తరువాత పడటం, లేవడం. కింద పడితే అంతా అయిపోయినట్టేనని భయపడతాం. చేతులు ఆనించి పడితే మణికట్టు విరుగుతుంది. గడ్డం ఛాతీకి ఆనించి, వీపు గుండ్రంగా చేసి పడాలి. పడ్డాక కాళ్లను అతనికీ మనకీ మధ్య ఉంచుకోవాలి. ఒక చెయ్యీ ఒక పాదమూ నేలకు ఆనించి, రెండో కాలు కిందనుంచి వెనక్కి లాక్కుంటూ లేవాలి. పొట్ట మీద ఎక్కి కూర్చుంటే అతని ఒక చెయ్యీ, అదే వైపు పాదమూ కదలకుండా బంధించి, నడుము ఒక్కసారి పైకెత్తి ఆ వైపుకే దొర్లించాలి. మాలో అందరికంటే సన్నగా ఉండే అమ్మాయి అందరికంటే బొద్దుగా ఉండే అమ్మాయిని అలా దొర్లించిన రోజున హాలంతా ఈలలే. వంట అక్క కూడా గరిటె పట్టుకుని చూడటానికి వచ్చింది.

వీటన్నిటికంటే ముందు నేర్చుకున్నది ఊపిరి పీల్చుకోవడం. మొదటిసారి స్పారింగ్‌లో అర నిమిషానికే గుండె గొంతులోకి వచ్చేది. తీరా చూస్తే ఊపిరి బిగబట్టి ఉన్నామన్నమాట! భయం వేస్తే ఎవరికైనా అంతే. భయం పోవడానికి మందు లేదు. భయపడుతూనే ఊపిరి పీల్చడం, భయపడుతూనే అడుగు వేయడం మాత్రం అలవాటు చేసుకోవచ్చు. వారానికి మూడు రోజులు, స్నేహితురాళ్ల చేతుల్లో కొద్దికొద్దిగా భయపడుతూ మేము అది అలవాటు చేసుకున్నాం.

మాస్టారి స్పారింగ్‌లో ఇంకో విశేషం ఉంది. ఎవరు ఎవరిని పడగొట్టారని లెక్కించేవారు కాదు. డైనింగ్ హాలు తలుపు ముట్టుకున్నవాళ్లే గెలిచినట్టు. విడిపించుకున్నాక ఇంకో దెబ్బ వేయాలని ఆగినవాళ్లు ఓడినట్టే. "కత్తి కనబడితే బ్యాగు ఇచ్చెయ్యండి, ఫోను ఇచ్చెయ్యండి, పరుగెత్తండి. కత్తికి నా దగ్గర పట్టు లేదు" అని ఆయనే చెప్పేవారు. తెలియనిది తెలియదని చెప్పినందుకే ఆయన చెప్పిన మిగతావన్నీ నమ్మాం.

పట్టూ విడుపూ

స్పారింగ్‌లో ఒక కట్టుబాటు ఉంది. ఊపిరి ఆడకపోయినా, నొప్పి పుట్టినా, భయం వేసినా అరచేత్తో రెండుసార్లు తట్టాలి. దీన్ని ట్యాప్ అంటారు. తట్టిన మరుక్షణం వదిలెయ్యాలి. ఎందుకు తట్టావని అడగకూడదు, ఇంకొంచెంసేపు ఉండమనకూడదు. గెలవబోతున్నా సరే. తట్టాక వదలని పిల్లకు వారం రోజులు ప్రాక్టీసు ఉండేది కాదు.

తెలుగులో పట్టువిడుపులు అని జంటగా అనడం ఎంత సరైనదో అప్పుడు తెలిసింది. విడుపు తెలియనివాడికి పట్టు నేర్పకూడదు. బాయ్స్ హాస్టల్ తమ్ముళ్లకు కూడా ఈ మాట చెప్పాలని ఉంది. ఎదుటి మనిషి వద్దన్న క్షణంలో ఆగిపోవడం మగతనానికి తక్కువేమీ కాదు. గోదాలో అదే మొదటి పాఠం. బయట కూడా అదే మొదటి పాఠమైతే ఈ వ్యాసం రాయవలసిన అవసరమే మాకు ఉండేది కాదు.

ఒక జనవరి సాయంత్రం

సంక్రాంతి సెలవులయ్యాక మా స్నేహితురాలు ఊరి నుంచి తిరిగొస్తోంది. బస్సు ఆలస్యమై బస్టాండులో దిగేసరికి చీకటి పడింది. ఒక చేతిలో అరిసెల డబ్బా ఉన్న సంచి. హాస్టల్ సందు మొదట్లో ఒకడు రెండో చెయ్యి పట్టుకున్నాడు. మొదటిసారి లాగితే ఊడలేదట. అప్పుడు సంచి కింద పడేసి, లోపలికి అడుగు వేసి, మోచెయ్యి తోసి తిరిగింది. చెయ్యి బయటికి వచ్చింది. "దూరం జరుగు!" అని గొంతు చించుకుని అరిచి, ఎదురుగా ఉన్న మందుల షాపులోకి పరుగెత్తింది. అంతే జరిగింది. ఆ అమ్మాయి అతన్ని ఒక్క దెబ్బ కూడా కొట్టలేదు. షాపువాళ్లు 112కి ఫోన్ చేశారు. అరిసెలు మాత్రం రోడ్డుపాలయ్యాయి.

ఫిర్యాదు ఇచ్చేచోట ఒకరు, "ఆ టైములో ఒక్కదానివే ఎందుకొచ్చావమ్మా?" అని అడిగారు. వెంట వెళ్లిన మా వార్డెన్ మేడమ్, "బస్సు ఆ టైముకే వచ్చింది సార్" అని, కాగితం ముందుకు జరిపారట. ఆ మాట మేమందరం ఇప్పటికీ చెప్పుకుంటాం.

అసలు గండం ఆ తరువాత వచ్చింది. సంగతి ఊరికి చేరింది. మన ఊళ్లలో ఇలాంటి కబురు చేరితే ఏమవుతుందో అందరికీ తెలిసిందే. తప్పు చేసినవాడు రోడ్డు మీదే ఉంటాడు, పిల్ల ఇంటికి వచ్చేస్తుంది. చదువు చాలంటారు, సంబంధాలు చూస్తారు. వాళ్ల నాన్న ఆ మాటే అన్నాడు. తీసుకుపోవడానికి వాళ్లమ్మ వచ్చింది.

ఆవిడ దాళ్వా నాట్ల మధ్యలో పని మానుకుని వచ్చింది. కాళ్ల వేళ్ల సందుల్లో ఇంకా బురద మరకలున్నాయి. రాత్రికి హాస్టల్లోనే ఉండి, గోడవారగా కూర్చుని మా ప్రాక్టీసు చూసింది. కాసేపటికి మాస్టారి భార్య, "అమ్మా, ఒకసారి మీరు పట్టుకోండి" అన్నారు. ఆవిడ కొంగు దోపుకుని వచ్చి కూతురి చెయ్యి పట్టుకుంది. మా అందరిలోకీ బాగా చేసే పిల్ల మూడుసార్లు ప్రయత్నించినా ఊడలేదు. ఏళ్ల తరబడి కొడవలి పట్టిన చెయ్యి, నారు పీకిన చెయ్యి అది. నాలుగోసారి ఊడింది. ఆవిడ తన అరచెయ్యి చూసుకుని, కూతుర్ని చూసి, "ఇట్టా ఊడదీసుకునేదాన్ని ఇంటికాడ కూచోబెట్టి నేనేం చేసుకోను? మీ నాయనకి నేను చెప్పుకుంటాలే" అంది. మర్నాడు పొద్దున బస్సుకు ఒక్కతే వెళ్లిపోయింది. మా స్నేహితురాలు డిగ్రీ పూర్తి చేసింది. ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది.

మా స్పారింగ్ సాధించిన గెలుపు ఏమిటని ఎవరైనా అడిగితే మేము చెప్పేది ఇదే. ఆ తల్లి ఒక్కతే బస్సెక్కడం.

బిందె ఎత్తిన చెయ్యి

ఆ తల్లి చేతిని చూసినప్పుడు మాకు మున్నంగి సువార్త గుర్తుకొచ్చింది. 1985 జూలైలో ప్రకాశం జిల్లా కారంచేడులో మంచినీళ్ల చెరువును పాడుచెయ్యవద్దన్న పాపానికి కొట్టబోతే, ఆవిడ తన చేతిలోని బిందె ఎత్తింది. ఆవిడకు ఏ మాస్టారూ నేర్పలేదు. మరునాడు, జూలై 17న, దళితవాడ మీద పడి ఆరుగురిని చంపారు. కాబట్టి ఒక్క మనిషి చేతిలోని పట్టే అన్నిటికీ సరిపోతుందని మేము అనము. బిందె ఎత్తడానికి ధైర్యం కావాలి. ఎత్తిన చేతికి అండగా సంఘం ఉండాలి, చట్టం ఉండాలి. ఆ తరువాత నాలుగేళ్లకు, 1989లో, ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. కారంచేడు గాయం దాని వెనక ఉంది.

తనను తాను కాపాడుకోవడం నేరం కాదని కూడా చట్టంలోనే ఉంది. పూర్వం భారత శిక్షాస్మృతిలో 96 నుంచి 106 వరకు ఉన్న సెక్షన్లు, 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు ఉన్నాయి. కాపాడుకోవడానికి ఎంత అవసరమో అంతకుమించి హాని చేయకూడదని అందులోనే హద్దు పెట్టారు. తలుపు ముట్టుకున్నవాళ్లే గెలిచినట్టని మాస్టారు చెప్పిందీ ఇంచుమించు అదే.

చెల్లెళ్లకు నాలుగు మాటలు

మొదటిది. స్పారింగ్‌లో బలం మూడోవంతు చాలు. తలకు దెబ్బలు వద్దు. మౌత్ గార్డు లేకుండా గుద్దులు వద్దు. మెడ పట్లు నేర్పేవాళ్లు ఎదుట లేకుండా చేయవద్దు. తలకు దెబ్బ తగిలి కళ్లు తిరిగితే ఆ రోజుకు ఆపేసి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

రెండోది. హాని చేసేవాళ్లలో ఎక్కువమంది దారినపోయేవాళ్లు కాదు, తెలిసినవాళ్లే. వాళ్ల విషయంలో పట్టుకంటే నోరు ముఖ్యం. నమ్మకమైన ఒక్కరికైనా చెప్పండి. పద్దెనిమిదేళ్లలోపు వాళ్లకు 1098, మహిళలకు 181, ఏ ఆపదకైనా 112 ఉన్నాయి. పోక్సో చట్టం 2012 నుంచి ఉంది.

మూడోది. ఆ క్షణంలో ఒళ్లు కొయ్యబారిపోయిన పిల్లను, ఎదిరించలేకపోయిన పిల్లను ఎప్పుడూ తప్పుపట్టకండి. ఒళ్లు అలా బిగుసుకుపోవడం ప్రకృతి. నేర్చుకోలేదు కాబట్టి జరిగిందని అనడం, ఆ టైములో ఎందుకొచ్చావని అడగడం లాంటిదే.

నాలుగోది. వార్షికోత్సవానికి స్టేజీ మీద పెంకులు పగలగొట్టండి, మేమూ వచ్చి చప్పట్లు కొడతాం. కానీ మిగతా రోజుల్లో ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోండి, వదలకండి, తట్టగానే వదిలెయ్యండి. విజయవాడ చుట్టుపక్కల ఉన్న మా బ్యాచ్ వాళ్లం నెలకో ఆదివారం హాస్టల్‌కు వచ్చి చూపించడానికి సిద్ధంగా ఉన్నాం. వార్డెన్ గారు అనుమతిస్తే చాలు. రగ్గులు మీవి, టార్పాలిన్ మేము తెస్తాం.